సగం క్షవరం

జనరేటర్ రెండుసార్లు దగ్గి
ఆగిపోయింది.
కుడి చెవి పైదాకా వచ్చిన ట్రిమ్మర్
చచ్చిన మిడతలా జుట్టులోనే ఉండిపోయింది.

ఫొలొరున్షో కుర్చీలో నేను.
సగం తల నున్నగా,
సగం తల నిన్నటిలాగే.
రేపు పొద్దున్నే ఏడో తరగతికి భిన్నాలు చెప్పాలి.

"ఐదు నిమిషాలు, మాస్టారూ" అన్నాడు
నన్ను కాదు, అద్దాన్ని చూస్తూ.
కుర్రాడు తయెలోలు ఖాళీ సీసాతో పరిగెత్తాడు.
ఇబాదాన్‌లో ఐదు నిమిషాలంటే
బంకు దగ్గర క్యూ మూడు మలుపులు తిరిగి
మసీదు గోడ దాటి
చేపలమ్మేవాళ్ల గొడుగుల కిందికి పోయాక
అప్పుడు మొదలవుతాయి.

గోడ మీద సుద్దతో రేట్లు.
పెద్దలకింత, పిల్లలకింత.
చెరిపి రాసి, చెరిపి రాసి
అంకెల కింద గోడే నెరిసిపోయింది.
"కత్తెర అదే, చెయ్యి అదే, తలకాయా అదే,
రేటెందుకు పెంచావని నన్నే తిడతారు.
నేను తీసేది జుట్టే కదా మాస్టారూ,
గుండు కొట్టేది బంకు దగ్గర."

వీధిలో జనరేటర్లు ఒక్కొక్కటే ఆగుతున్నాయి.
ఇన్నేళ్లు ఆ రొదలో అరిచి అరిచి
ఇప్పుడు నిశ్శబ్దంలోనూ అరుస్తున్నాం
ఉల్లిపాయలెంత అని.

బస్సు ఛార్జీ పెంచిన నాటి నుంచి
బడికి నడిచే పోతున్నాను.
చెప్పులరిగిన ఖర్చు
పెట్రోలు పద్దులో రాసుకోవాలి.
టమాటా లారీ ఎక్కి వస్తుంది, లారీ డీజిల్ తాగుతుంది,
అడెపెరో వండే పులుసులో
ఎరుపు వారం వారం వెలిసిపోతోంది.
ఇద్దరం చూస్తాం. ఎవరం అనం.

భూగోళం పాఠమూ నాకే అంటగట్టారు.
దేశపటం కింది అంచున, డెల్టా దగ్గర
చమురుకి గుర్తుగా నల్ల చుక్కలు పెట్టించాను.
ఒక పిల్ల లేచింది:
"చమురు మన కిందే ఉంటే, సార్,
మా నాన్న రాత్రంతా
సీసా పట్టుకుని ఎందుకు నిలబడ్డాడు?"
గంట కొట్టారు.
ఆ గంట కొట్టినవాడికి రుణపడి ఉన్నాను.

ఎదురుగా
మొరెనికే తల్లి మిరపకాయల మర మాత్రం
తిరుగుతూనే ఉంది.
రేకుల కప్పు మీద రెండు నీలం పలకలు,
ఇద్దరు చెల్లెళ్లతో కట్టిన చీటీ డబ్బు.
కొన్ననాడు ఫొలొరున్షో నవ్వాడట:
"వానాకాలంలో ఏం చేస్తావమ్మా?"
"తక్కువ రుబ్బుతాను.
నువ్వు ఎండాకాలంలోనే కూర్చున్నావుగా."

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు.
నెత్తిన కాసే ఎండనీ
మనం అలాగే చూశామేమో,
గొడుగుతోనో తిట్టుతోనో.

ఆ పలకలూ ఓడ ఎక్కే వచ్చాయి. తెలుసు.
కానీ ఒక్కసారే వచ్చాయి.
వాటి కోసం తెల్లారేసరికి క్యూ కట్టక్కర్లేదు.
సూర్యుడి రేటు మార్చడానికి
అర్ధరాత్రి ఎవడూ నిచ్చెన ఎక్కడు.
వీధికి నిజమైంది దేశానికి ఎందుకు కాదో
ఆ పిల్లకి జవాబు చెప్పాలి.
రోజూ పక్కింటి నిప్పుతో పొయ్యి రాజేసుకునే ఇంట్లో
కోపం కూడా మెల్లగానే పడాలి.

"ఎంతసేపు ఆ అవతారం?"
అని కేకేసింది మొరెనికే తల్లి.
ఫొలొరున్షో కాసేపు కత్తెర తుడిచాడు,
తుడిచిందే మళ్లీ తుడిచాడు.
తర్వాత కుర్చీకి ఒక కొస అతను, ఒక కొస నేను,
సగం గుండుతో వీధి దాటాను.
మోటారు సైకిళ్లవాళ్లు ఈల వేశారు.

మర పక్కన కూర్చుంటే కళ్లు మండాయి.
మిరపకాయలే, ఇంకేం కాదు.
మధ్యలో మబ్బొకటి అడ్డం వచ్చి
ట్రిమ్మర్ నీరసపడింది,
ఎడమ చెవి పైన చిన్న మెట్టు మిగిలింది.

అప్పుడొచ్చాడు తయెలోలు,
సీసాలో పావు వంతు.
"ఎంత?" అన్నాడు ఫొలొరున్షో.
కుర్రాడు చెప్పాడు.
మర ఒక్కటే మాట్లాడింది.

రేపు పిల్లలు నవ్వుతారు, నవ్వనీ.
ఆ మెట్టు చూపించి
భిన్నాలు అక్కడి నుంచే మొదలుపెడతాను.